చెట్టు మీంచి పలికే మనిషి

కాదు, పాడుచెయ్యలేదు. ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను. నిన్న సాయంత్రం నుంచి మా ఫ్యామిలీ గ్రూపులో ఇదే టైపు చేస్తున్నాను. నాలుగుసార్లు నాలుగు రకాలుగా చెప్పాను. పెదనాన్న మాత్రం ప్రతిసారీ ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటున్నాడు. ఆ బొటనవేలు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతోంది.

గొడవ మొదలైంది మా వదిన దగ్గర. ఆవిడ చేసిన నేరం ఏంటంటే, ఏదో ఫంక్షన్లో బాజాల మోత తట్టుకోలేక మూడేళ్ళ కూతురు ఏడుస్తుంటే, భోజనం మధ్యలో లేచి, పిల్లని ఎత్తుకుని వెళ్ళి గంటసేపు కార్లో కూర్చుంది. దానికి గ్రూపులో అందరూ డాక్టర్లయిపోయారు. రెండు తగిలిస్తే అదే తగ్గుతుందని ఒకరు. ఇప్పట్నుంచే ఇంత మెత్తగా ఉంటే రేపు ఎలా బతుకుతుందని ఇంకొకరు. చివరికి పెదనాన్న దిగాడు. "మన కొబ్బరి తోటకి దింపుకొచ్చేవాడు గుర్తున్నాడా? చెట్టు మీద నుంచి కూడా పిల్లలకి పలికేవాడు. అలాగే పాడుచేసేడు వాళ్ళని. మీరూ అదే దారి."

దానికి జవాబు కొడుతుండగానే ఫోన్ స్టోరేజి నిండిపోయిందని మెసేజి వచ్చింది. పనికిరానివి తీసేద్దామని వెతికితే, ఆడియోల్లో అన్నిటికన్నా అడుగున రెండు సెకన్ల ఫైలు ఒకటి కనపడింది. ఏంటో గుర్తురాక నొక్కాను. కొంచెం గాలి హోరు, ఆకుల చప్పుడు, ఎక్కడో ఎత్తు నుంచి ఒక మగ గొంతు.

"ఆయ్."

అంతే ఉంది అందులో. అది విన్నాక ఇంక గ్రూపులో రాసే మాటలు నాకు సరిపోలేదు.

మూడేళ్ళ కిందటి వేసవి అది. పెద్దమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. లాప్‌టాప్ ఉద్యోగమే కదా, ఎక్కడ కూర్చుని చేస్తే ఏంటని హైదరాబాద్ నుంచి నన్ను పంపించారు. కొత్తపేట దగ్గర, పలివెల దాటాక కాలవ గట్టు మీద ఆటోలో పది నిమిషాలు వెళ్తే వాళ్ళ ఊరు. ఇంటి వెనక ముప్ఫై అయిదు చెట్ల కొబ్బరి తోట. ఇంట్లో సిగ్నల్ అందే చోటు ఒక్కటే ఉంది, తోట వైపు వసారా. అదే నా ఆఫీసు.

వెళ్ళిన వారానికి దింపు వచ్చింది. నెలన్నరకోసారి ఒక మనిషి వచ్చి, చెట్టు చెట్టూ ఎక్కి, ముదిరిన గెలలు కోసి కింద పడేస్తాడు. దాన్నే అక్కడ దింపు అంటారు. నాకది తెలియదు. పొద్దున్నే మేనేజరుతో కాల్‌లో ఉన్నాను. తోటలోంచి ఆడపిల్ల గొంతు.

"నాన్నా."

ఆకాశంలోంచి సమాధానం. "ఆయ్."

అర నిమిషం గడిచింది. "నాన్నా." "ఆయ్."

మళ్ళీ. మళ్ళీ. మేనేజరు ఎవరది అన్నాడు. మ్యూట్‌లో పెట్టుకుని లెక్కపెట్టాను. పావుగంట మీటింగులో ఇరవై ఏడు. ఇరవై ఎనిమిదోసారికి చెప్పులు కూడా వేసుకోకుండా తోటలోకి వెళ్ళిపోయాను.

ఆరేళ్ళ పాప ఒకతి, నాలుగేళ్ళ బాబు ఒకడు. చెట్లకి దూరంగా, నీళ్ళు పారే బోదె పక్కన, తువ్వాలు పరుచుకుని కూర్చున్నారు. తలెత్తి చూస్తే చెట్టు కొసన మొవ్వులో రెండు అరికాళ్ళు, వాటి మధ్య తాడు బంధం.

"ఏవండీ, కాసేపు మీ పాపని ఊరుకోమని చెప్తారా? ఇక్కడ ఆఫీసు పని చేసుకుంటున్నాను."

"ఆయ్, చెప్తానండి." అరికాళ్ళు కదల్లేదు. "పాపగారూ, అమ్మాయిగారికి ఆఫీసంటండి. కొంచెం మెల్లిగా పిలుస్తారాండి?"

పాప నన్ను చూసి, చెట్టుని చూసి, ఆలోచించింది. "మెల్లిగా పిలిస్తే నీకు వినపడదు కదా నాన్నా."

"అదీ నిజమేనండి." మళ్ళీ నాకు వినపడేలా, "వినపడదంటండి, అమ్మాయిగారూ."

చివర్లో వెటకారం ఏమైనా ఉందా అని వెతికాను. లేదు. పాప చెప్పిన విషయాన్ని నాకు అందజేశాడు, అంతే. కోపం మొత్తం చేతిలో పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక వెనక్కొచ్చేశాను.

ఆ రోజంతా మీటింగులు వింటూనే తోట వైపు చూస్తూ ఉండిపోయాను. మొదట కోపంతోనే చూశాను. తర్వాత ఎందుకు చూస్తున్నానో నాకే తెలియదు. మనిషి పొట్టి, పక్షిలా ఎముకలు తేలిన వీపు, మోకాళ్ళ దగ్గర నల్లగా కాయలు కాసిన చర్మం. ప్రతి చెట్టుకీ ఒకటే వరస. ముందు చెట్టు చుట్టూ తిరిగి, గెలలు ఎటు పడతాయో చూసి, తువ్వాలు ఎక్కడ పరవాలో ఖాయం చేసేవాడు. తర్వాత పిల్లల ముందు గొంతుకూర్చుని లెక్క చెప్పేవాడు. "ఇది పన్నెండు పిలుపుల చెట్టండి." "ఇది పొడుగుదండి, ఇరవై పడుతుంది." అడుగుల్లోనూ కాదు, నిమిషాల్లోనూ కాదు, ఆయన తోటంతా పిలుపుల్లోనే కొలుచుకున్నాడు. పాప సరేనని తల ఊపితే గానీ కాలికి బంధం వేసుకునేవాడు కాదు.

గెల వదిలే ముందు పైనుంచి ఒక మాట వచ్చేది. "పడుతుందండి, బుల్లోడుగారూ." ఆ చప్పుడంటే బాబుకి ప్రాణం పోయేంత భయం. వాడు రెండు చెవులూ మూసుకుని, కళ్ళు కూడా మూసుకుని, "ఊఁ" అనేవాడు. పాప గట్టిగా "మూసుకున్నాడు నాన్నా" అని అరిచేది. అప్పుడు గెల పడేది. ధన్. అది అయ్యాక బాబు వెళ్ళి, కాయలతోపాటు రాలిన చిన్న చిన్న పిందెలన్నీ ఏరి, వరసగా పడుకోబెట్టి, కొబ్బరాకు కప్పేవాడు. తండ్రి దిగొచ్చి, ఆకు ఎత్తి చూసి, "పడుకున్నారాండి అందరూ?" అని అడిగి మరీ రెండో చెట్టుకి వెళ్ళేవాడు.

"పది నిమిషాల చెట్టు వీడికి ఇరవై నిమిషాలు," అన్నాడు పెదనాన్న, వసారాలో కుర్చీ వేసుకుంటూ. "ఇది దింపా, అంగన్‌వాడీయా?"

మధ్యాహ్నం పెద్దమ్మ చెప్పింది. భార్య కువైట్లో ఎవరింట్లోనో పనికి వెళ్ళి రెండేళ్ళయింది. కిందటేడు పాపని అమలాపురంలో హాస్టల్లో వేశారు. వెళ్ళిన నెలకి వార్డెన్ ఫోన్ చేసి తీసుకుపొమ్మంది. పిల్ల అన్నం మానేసింది, తర్వాత మాట్లాడటం మానేసింది. ఇంటికొచ్చాక కూడా పది రోజులు పెదవి విప్పలేదు. విప్పాక అన్న మొదటి మాట "నాన్నా". అప్పట్నుంచి ఆ మాట ఎప్పుడు వినపడినా ఆయన పలకడం మానలేదు.

"అయితే ఏంటంట?" పెదనాన్న వినేసి అన్నాడు. "ఈసారి ఊరుకున్నాను. వచ్చే దింపుకి ఒక్కడూ వస్తేనే పని. లేకపోతే వేరేవాళ్ళని పిలుచుకుంటాను. నేనొక్కడినే కాదు, పక్క తోటలాయన కూడా అదే అంటున్నాడు."

అంటే పాప మళ్ళీ హాస్టలుకే వెళ్ళాలి. తోటలు పోతే ఆయనకి బతకడానికి దారి లేదు. బడులు తెరిచే లోపల తేలిపోవాలి. పెద్దమ్మ ఆ మాట మామూలుగానే చెప్పింది, నేను కూడా ఫోన్ చూసుకుంటూ మామూలుగానే విన్నాను. ఆయన వెళ్ళేటప్పుడు నంబరు తీసుకుని 'దింపు' అని సేవ్ చేసుకున్నాను. పేరు అడగాలని తోచలేదు.

తర్వాత ఒకరోజు సాయంత్రం కాలవ గట్టు మీద నడుస్తుంటే కనపడ్డారు. తండ్రీ కొడుకూ కల్వర్టు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నారు. బాబు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. పాప సైకిలు పట్టుకుని నిలబడింది. ఆయన బాబుని ఎత్తుకోలేదు, ఊరుకోమనలేదు, ఊరికే పక్కన కూర్చున్నాడు.

"ఏమైందండీ?"

"ఏడుపు అవ్వనిస్తున్నామండి." బాబు వైపు వంగి, "ఇంకా ఎంతుందండి, బుల్లోడుగారూ?"

బాబు వెక్కుతూనే రెండు చేతులూ చాపి చూపించాడు.

"ఆయ్. ఇంకా చాలా ఉందంటండి," అన్నాడు నాతో.

విషయం ఏంటంటే బాబు చెప్పు ఒకటి కాలవలో పడి కొట్టుకుపోయింది. ఏడుపు పోయిన చెప్పు కోసం కాదు, మిగిలిన చెప్పు ఒంటరిదైపోయిందని. "దీన్ని కూడా పంపించెయ్యమంటున్నాడండి. ఆలోచిస్తున్నానండి."

నాకు నవ్వొచ్చింది, చిరాకూ వచ్చింది. "ఏం కాదులే నాన్నా, కొత్తవి కొనిస్తారు అనొచ్చు కదండీ. అయిపోయేదానికి ఇంతసేపా?"

ఆయన కొంచెం ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "ఏం కాదని మనకెలా తెలుసండి? ఏదో అయ్యిందనే కదండీ ఏడుస్తున్నాడు."

"అలా అయితే రోజంతా ఏడుస్తూనే ఉంటారు."

"లేదండి. అయిపోతుందండి. మనం తొందరపెడితేనేనండి అది లోపలికి పోతుంది. హాస్టల్లో పాపగారికి అలాగే అయ్యిందండి. అక్కడందరూ మంచోళ్ళేనండి. అందరూ ఏం కాదు, ఏం కాదన్నారంట."

నాకు ఇంకా అడగాలనిపించింది. "మీకు విసుగు రాదా?"

"ఎందుకు రాదండి? వస్తుందండి. నిన్న పొద్దున అన్నం పప్పుకి తగిలిందని ఈయనగారు కంచం తోసేసేరండి. నేను బయటికెళ్ళి గోడ వైపు తిరిగి బూతులు తిట్టుకున్నానండి. గోడనేనండి. తిట్టుకునొచ్చి, పప్పు ఇటు, అన్నం అటు పెట్టి, మధ్యలో వేలితో కాలవ తీసేనండి. తినేసేరు."

నేను చిన్నప్పుడు ఏడిస్తే మా నాన్న టీవీ సౌండు పెంచేవాడు. అదెందుకు గుర్తొచ్చిందో, ఫోన్ తీసి ఊరికే స్క్రోల్ చేశాను. తలెత్తేసరికి బాబు రెండో చెప్పు నీళ్ళలో వదులుతున్నాడు. ముగ్గురూ అది వంతెన కిందకి వెళ్ళేదాకా చూశారు. "కలుసుకుంటాయా నాన్నా?" అంది పాప. "తెలీదండి. రెండూ ఒక వైపే వెళ్తున్నాయి కదండీ." ఆ తర్వాత బాబుని సైకిలు మీద కూర్చోబెట్టుకుని వెళ్ళిపోయారు. బాబు ఏడవడం లేదు. ఇంటికొచ్చి పెద్దమ్మకి చెప్తే, "ఉన్న చెప్పు కూడా పారేయించేడా వాడు?" అని నోరు నొక్కుకుంది.

రెండో దింపు బడులు తెరవడానికి నాలుగు రోజుల ముందు వచ్చింది. ఆయన ఒక్కడే రాలేదు. సైకిలు ముందు బాబు, వెనక పాప. పెదనాన్న వసారా మెట్టు దిగాడు.

"ఏరా, నేను చెప్పిందేంటి?"

"ఆయ్, చెప్పేరండి. ఇంట్లో ఎవరూ లేరండి. మెల్లిగా పిలుస్తారండి ఈసారి."

"లారీ రేపు మధ్యాహ్నానికొస్తుంది. అప్పటికి చెట్లన్నీ అయిపోవాలి. అవ్వకపోతే ఇదే నీకు ఆఖరు. పిల్లనెక్కడ వేసుకుంటావో వేసుకో."

"ఆయ్."

ఇక్కడే నేను తెలివి ఉపయోగించాను. నిజంగా సాయం చేద్దామనే అనుకున్నాను, ఇప్పటికీ అదే అంటాను. పిలుపుకీ పలుకుకీ టైము పోతోంది కదా, పలుకు ఒక్కటే కదా కావాల్సింది. పదకొండు దాటాక ఫోన్ పట్టుకుని చెట్టు కిందకి వెళ్ళి, ఆయన పలికినప్పుడు రికార్డు చేశాను. తర్వాత పిల్లలిద్దరినీ వసారాలోకి పిలిచి, ఫోన్ పాప చేతిలో పెట్టాను.

"ఇదిగో, నాన్నా అని ఇది నొక్కు."

"నాన్నా." నొక్కింది. "ఆయ్," అంది ఫోన్.

పాప కళ్ళు పెద్దవయ్యాయి. మళ్ళీ నొక్కింది. బాబు కూడా నవ్వాడు. ఇద్దరూ నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుని నొక్కుకుంటున్నారు. తోట నిశ్శబ్దంగా ఉంది. నా కాల్ హాయిగా సాగుతోంది. పెదనాన్న నా వైపు చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో.

అయిదు నిమిషాలు కాలేదు. తోటలో ఏదో జారిన చప్పుడు. గెల చప్పుడు కాదు. తలెత్తితే ఆయన పరుగెత్తుకొస్తున్నాడు. చెట్టు నుంచి జారిపోయి దిగాడు. ఛాతీ మీద, మోచేతుల మీద చర్మం లేచిపోయి ఉంది. పిల్లలిద్దరినీ చూసి మెట్టు మీద కూలబడిపోయాడు. ఊపిరి అందడం లేదు.

"పాపగారూ," అన్నాడు. "పిలవలేదేంటండి?"

"పిలిచాను నాన్నా. పలికావు కదా." చూపిద్దామని నొక్కింది. "ఆయ్," అంది ఫోన్.

ఆయన ఫోన్ వైపు చూశాడు. నా వైపు చూశాడు. కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది, నేను కూడా అరిచేదాన్ని.

"పిలుపు ఎటు నుంచి వస్తే అటు గెల వెయ్యనండి, అమ్మాయిగారూ," అన్నాడు, ఊపిరి మధ్యలో. "పైనుంచి ఆకుల్లో ఏమీ కనపడదండి. పాప పిలిస్తేనేనండి ఇద్దరూ ఎక్కడున్నారో నాకు తెలిసేది. గెల సగం కోసేసేనండి. పిలుపు లేదు. కిందకొచ్చేసేరేమో, పిందెలు ఏరుతున్నాడేమో..."

అప్పుడర్థమైంది నాకు. ఆ పిలుపు పాపకి ఎంత అవసరమో ఆయనకీ అంతే అవసరం. పావుగంటకి ఇరవై ఏడని లెక్కపెట్టాను గానీ, అవి ఎవరికి వెళ్తున్నాయో చూడలేదు.

కానీ అసలు దెబ్బ అది కాదు. పాప ఫోన్‌ని రెండు చేతుల్లో పట్టుకుని అలాగే చూస్తోంది. కువైట్ నుంచి వాళ్ళమ్మ రోజూ పంపే వాయిస్ మెసేజీలు కూడా అలాగే నొక్కి వింటుందట ఆ పిల్ల. నొక్కితే మాట్లాడుతుంది, నొక్కకపోతే ఉండదు.

"నాన్నా," అంది మెల్లిగా. "నువ్వు కూడా ఫోన్లోకి వెళ్ళిపోతావా?"

ఆయన "లేదండి" అన్నాడు గానీ పాప వినలేదు. ఫోన్ నా ఒళ్ళో పెట్టేసి, వెళ్ళి తండ్రి లుంగీ అంచు పట్టుకుంది. ఇంక వదల్లేదు. చెట్టు దగ్గరికి వెళ్తే చెట్టు దగ్గరికి వెళ్ళింది, బంధం తీస్తే బంధం పట్టుకుంది. ఏడవలేదు, పిలవలేదు. నోరు మూసేసింది. పెద్దమ్మ చెప్పిన ఆ పది రోజులు ఎలా ఉండేవో నాకు కళ్ళముందు కనపడింది. తోటలో ఇంకా ఇరవై చెట్లు మిగిలి ఉన్నాయి.

"ఇంక చాలు," అన్నాడు పెదనాన్న. "రేపు పొద్దున్నే వేరేవాళ్ళని పిలుస్తాను."

"తప్పు నాది పెదనాన్నా. నేను చేసినదానికి ఆయన్ని తీసేస్తావేంటి?"

"నువ్వు మధ్యలో మాట్లాడకు."

"మాట్లాడతాను. ఆ పిల్ల నోరు మూయించింది నేను. రేపు మధ్యాహ్నం దాకా ఆగు. అవ్వకపోతే నువ్వన్నట్టే."

నా గొంతు చాలా పైకి లేచిందనుకుంటాను. పెద్దమ్మ మోకాలు పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. పెదనాన్న తువ్వాలు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అది ఒప్పుకోవడమేనని పెద్దమ్మ సైగ చేసింది.

ఆ మధ్యాహ్నం ఆయన చెట్టు ఎక్కలేదు. ఇంటి పక్కనున్న జామచెట్టు దగ్గరికి పాపని తీసుకెళ్ళాడు. తన నడుమంత ఎత్తులో ఉన్న పంగలో కూర్చోబెట్టాడు.

"ఇవాళ దింపు మీరు చెయ్యండి, పాపగారూ. నేను కింద ఉంటానండి. పిలుస్తాను, పలుకుతారాండి?"

చెట్టుకి నాలుగడుగుల దూరంలో, పాప వైపు వీపు పెట్టి, మట్టిలో కూర్చున్నాడు. పైనున్న మనిషి కింద ఉన్నవాళ్ళకి ఎలా కనపడడో అలాగన్నమాట. బాబు వచ్చి ఒళ్ళో కూర్చున్నాడు.

"పాపగారూ."

చాలాసేపటికి, "ఆయ్."

"పాపగారూ." "ఆయ్." ఈసారి కొంచెం తొందరగా. నాలుగు సార్లు, అయిదు సార్లు. పాప పెదవుల మీద చిన్న నవ్వు కూడా వచ్చింది. ఆరోసారి పలకలేదు.

"పాపగారూ."

వసారాలో ఉన్న నాకు ఇద్దరూ కనపడుతున్నారు. పాప రెండు చేతులతో నోరు మూసుకుని, తండ్రి వీపు వైపే చూస్తోంది. ఆయన తిరిగి చూడలేదు. మెడ కండరాలు బిగుసుకున్నాయి గానీ తిరగలేదు.

"పాపగారండీ."

బాబు తండ్రి భుజం మీంచి తొంగి చూశాడు. "ఉందిలే నాన్నా. అక్కడే ఉంది."

"మీరు చెప్తే కాదండి. ఆవిడ చెప్పాలి."

నా ఫోన్ మోగింది. మేనేజరు. కట్ చేశాను. మళ్ళీ మోగింది. ఫోన్ బోర్లా పెట్టేశాను. ఆయన పిలుస్తూనే ఉన్నాడు. గొంతు పెంచలేదు. కానీ ఒక్కో పిలుపుకీ ఏదో సన్నబడిపోతోంది అందులో. చివరి రెండు పిలుపులు నటన కాదని నాకు తెలిసిపోయింది. పాప కూడా నోటి మీంచి చేతులు తీసేసింది.

"ఆయ్," అంది.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అప్పుడు కూడా వెంటనే తిరగలేదు.

"భయపడ్డావా నాన్నా?"

"ఆయ్. భయపడ్డానండి."

"నేను కావాలనే పలకలేదు."

"తెలుసండి."

"తెలిస్తే ఎందుకు భయపడ్డావు?"

"తెలిసినా భయమేస్తుందండి."

పాప చాలాసేపు ఆ మాట గురించి ఆలోచించింది. తర్వాత జామచెట్టు మీంచి తనంతట తానే దూకి, వెళ్ళి ఆయన మోచెయ్యి మీద లేచిపోయిన చర్మం దగ్గర ఊదింది. "రేపు పెద్ద చెట్లు ముందు ఎక్కు," అంది. "ఇరవై పిలుపులవి."

మర్నాడు తెల్లారగానే మొదలుపెట్టారు. ఎక్కే ముందు ఆయన వసారా దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయిగారూ, ఒక సాయం చేస్తారాండి? బుల్లోడుగారు పిందెల కోసం అటూ ఇటూ తిరుగుతారండి, ఆయనకి పిలవడం సిగ్గు. ఆయన పక్కన ఉండి, ఆయన తరఫున మీరు పిలుస్తారాండి?"

నన్ను శిక్షిస్తున్నాడా అని మొహంలోకి చూశాను. మామూలుగానే అడిగాడు. అందుకని ఒక చెవిలో హెడ్‌సెట్టు, ఒక చేత్తో బాబు చెయ్యి, తోటంతా వాళ్ళ వెనక తిరిగాను. పాప ఒకసారి, నేను ఒకసారి. నేను "ఏవండీ" అని అరిస్తే పైనుంచి "ఆయ్, అమ్మాయిగారూ" అని వచ్చేది. ఒకసారి మ్యూట్ తీసేసి ఉందని మర్చిపోయి అరిచాను. మీటింగులో పద్నాలుగు మంది విన్నారు. ఎవరది అని మేనేజరు అడిగితే, చెట్టు మీద మనిషికి నేనెక్కడున్నానో చెప్తున్నాను అన్నాను.

అప్పుడే ఇంకోటి తెలిసింది నాకు. ఆ ఆయ్‌లన్నీ ఒకటి కావు. కత్తి ఆడుతున్నప్పుడు పొట్టిగా ఉండేది. ఊపిరి తీసుకుంటున్నప్పుడు సాగేది. దిగడం మొదలుపెట్టినప్పుడు కొంచెం పైకి లేచేది. ఆ తేడా వినగానే పాప తువ్వాలు మడత పెట్టడం మొదలుపెట్టేది. నేను రికార్డు చేసింది వాటిలో ఒక్కటే.

లారీ వచ్చేసరికి ఆఖరి చెట్టు మీద ఉన్నాడు. పెదనాన్న వాచీ చూసుకుని, కుర్చీలోంచి లేచి, ఆఖరి గెల పడ్డాక అన్నాడు. "నెలన్నర తర్వాత రా. ఆ కేకలు తగ్గించుకో." అంటే పిల్లల్ని తీసుకురావొచ్చనే. పాప ఆ ఏడాది హాస్టలుకి వెళ్ళలేదు. ఊళ్ళో బడికే వెళ్ళింది. బడి లేని రోజుల్లో తోటలకి వచ్చింది. నేను వర్షాలు పడ్డాక హైదరాబాద్ వచ్చేశాను.

ఇప్పుడు పెద్దమ్మకి ఫోన్ చేసి అడిగాను. భార్య కువైట్ నుంచి వచ్చేశాక కుటుంబమంతా రాజోలు వైపు వెళ్ళిపోయారట. పేరేంటి పెద్దమ్మా అంటే, "ఏదో ఉండేదే... పలికేవాడే కదా వాడు," అంది. నా ఫోన్‌లో 'దింపు' అని ఉన్న నంబరు నొక్కాను. ఉపయోగంలో లేదని చెప్పింది. రెండు సెకన్ల ఫైలు తీసెయ్యలేదు, వదినకి పంపలేదు, మళ్ళీ వినలేదు కూడా. అది ఎవరూ పిలవకుండా పలికే ఆయ్.

గ్రూపులో ఇప్పుడే ఇంకో బొటనవేలు వచ్చింది. సరే, పెదనాన్నా, నీకే కాదు, ఇది చదువుతున్న అందరికీ చెప్తున్నాను. మీ ఇంట్లో పిల్ల పిలిచిన ప్రతిసారీ, ఒకే ఒక్క రోజు, ఫోన్ చూస్తూ ఊఁ అనకుండా, టీవీ సౌండు పెంచకుండా, ఏం కాదులే అనకుండా, ఎక్కడున్నా సరే పలికి చూడండి. ఒక్క పిలుపు కూడా వదలకుండా సాయంత్రం దాకా పలికినవాళ్ళు వచ్చి నాతో అనండి, ఆయన ఆ పిల్లల్ని పాడుచేశాడని. అనగలరా?